అప్‌డేట్: మా పాప, ఇంగ్లీష్ జాతీయాల్లో జంతువులు
నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో డచ్ బడికెళ్లే మా పాప ఇంగ్లీష్ జాతీయాల్లో జంతువుల్ని కలిపేస్తోందని పోయిన నెల అడిగాను కదా, మూడు భాషల్లోవీ పక్కపక్కన రాయించమన్న సలహా నిజంగా పనిచేసింది, చాలా థాంక్స్. డచ్‌లో ఒక్క దెబ్బకు రెండు ఈగలు, ఇంగ్లీష్‌లో ఒకే రాయికి రెండు పిట్టలు, మనకీ పిట్టలే కాబట్టి అది వెంటనే పట్టేసింది.

చిక్కంతా పిల్లి దగ్గరే. చూడకుండా కొని మోసపోతే డచ్‌వాళ్లు సంచిలో పిల్లిని కొన్నావంటారు, ఇంగ్లీష్‌లో ఆ సంచిలో ఉండేది పంది, అదే పిల్లి సంచిలోంచి బయటికొస్తే గుట్టు రట్టయినట్టు, దానికి డచ్‌లో చొక్కా చేతిలోంచి కోతి వస్తుంది!

నిన్న స్లగ్ (గుల్ల లేని నత్త) బొమ్మ కింద స్నెయిల్ (గుల్ల ఉన్న నత్త) అని రాసి, కొట్టేసి, మళ్లీ అదే రాసింది. డచ్‌లో రెండూ ‘స్లాక్’ మరి. టర్టిల్ (నీటి తాబేలు), టార్టాయిస్ (నేల తాబేలు) రెంటికీ అక్కడ ఒకటే మాట. ఇలాంటి జంటలకి ఏదైనా కిటుకుంటే చెప్పండి.