అప్‌డేట్: గురుగ్రహం నాలుగో చందమామ కనిపించింది!

70 ఎం.ఎం. టెలిస్కోప్‌లో గురుగ్రహం పక్కన మూడు చుక్కలే కనిపిస్తున్నాయి, లోపం లెన్స్‌దేనా అని అడిగాను కదా. కాదు. మీరన్నట్టే, గురుగ్రహపు నాలుగు పెద్ద చందమామల్లో ఒకటైన అయో ఆ గ్రహం నీడలో దాక్కుంది.

నిన్న రాత్రి 25 ఎం.ఎం. ఐపీస్ (కన్ను పెట్టి చూసే చోటి కటకం) తీసి 10 ఎం.ఎం.ది పెట్టి, కన్ను తిప్పకుండా చూశాను. గురుగ్రహం అంచుకు కాస్త ఎడంగా, అంతదాకా ఏమీ లేనిచోట, చీకట్లోంచి సన్నటి చుక్క పుట్టింది. ఉందా, భ్రమా అనుకునేలోపే వెలుగు పెరుగుతూ పోయింది. మూడు నాలుగు నిమిషాల్లో పూర్తిగా వెలిగింది. ఒళ్లు జలదరించింది!

1610 జనవరి 7న గెలీలియోకీ మొదట మూడే కనిపించాయట, నాలుగోది 13న. అయో సుమారు 42న్నర గంటలకోసారి చుట్టొస్తుంది కాబట్టి రేపు మళ్లీ కూర్చుంటాను. ఓపిగ్గా చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.