ధమని బయటి పొరలోకి డెక్సామెథసోన్: మిశ్రమం, డోసు, స్టెయిన్ చదవడం

వాస్కులర్_ఫెలో (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎస్‌ఎఫ్‌ఏలో (తొడలోని పెద్ద ధమనిలో) 9 సెం.మీ. లీజన్ (ఇరుకైన భాగం), రిఫరెన్స్ డయామీటర్ (పక్కన మామూలుగా ఉన్న నాళం వ్యాసం) 5.5 మి.మీ., షుగర్ పేషెంట్ అనుకుందాం. బెలూన్ యాంజియోప్లాస్టీ అయ్యాక బుల్‌ఫ్రాగ్ తరహా మైక్రోనీడిల్ కాథెటర్‌తో (చిన్న బెలూన్, సన్నటి సూది ఉన్న గొట్టంతో) అడ్వెంటీషియాలోకి, అంటే ధమని గోడ బయటి పొరలోకి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చే పద్ధతి గురించి చదువుతున్నాను. పేపర్లలో మిల్లీలీటరుకు 3.2 మి.గ్రా., సెంటీమీటరుకు 1.6 మి.గ్రా. అని ఒక్క లైనులో తేల్చేశారు. టేబుల్ మీద అది ఎలా జరుగుతుందన్నదే నా సందేహం. మందు ఎలా కలపాలి, ఎన్ని చోట్ల గుచ్చాలి, గోడ బయటికే వెళ్లిందని ఎలా తెలుస్తుంది? చేతిలో పాక్లిటాక్సెల్ మందు పూసిన బెలూన్ ఉండగా ఈ శ్రమంతా ఎందుకు అన్నది కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

ఐఆర్_విశాఖ

లెక్కతో మొదలుపెడదాం డాక్టర్ గారూ. మన దగ్గర డెక్సామెథసోన్ సోడియం ఫాస్ఫేట్ ఎక్కువగా 2 మి.లీ. వయల్‌లో, మిల్లీలీటరుకు 4 మి.గ్రా. చొప్పున దొరుకుతుంది. దానికి నాన్‌అయానిక్ కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) మొత్తంలో ఐదో వంతు ఉండేలా కలపాలి, అంటే 80:20. అప్పుడు 3.2 అవుతుంది. సెంటీమీటరుకు 1.6 మి.గ్రా. అంటే అర మిల్లీలీటరు. మీ 9 సెం.మీ.కి 4.5 మి.లీ., మొత్తం 14.4 మి.గ్రా.

రెండు వయల్స్‌లో 4 మి.లీ., దానికి 1 మి.లీ. కాంట్రాస్ట్ కలిపితే 5 మి.లీ. వస్తుంది కానీ సరిపోదు. ప్రైమింగ్‌లో (కాథెటర్‌ని మందుతో నింపి గాలి తీయడంలో) కొంత పోతుంది, తప్పు చోట పడిందని తెలిసేలోపు ఇంకాస్త పోతుంది. మూడు వయల్స్, 1.5 మి.లీ. కాంట్రాస్ట్, మొత్తం 7.5 మి.లీ. పెట్టుకోండి. వాడే ముందే కలపండి. సిరంజి లైటుకి ఎదురుగా పెట్టి చూడండి. మసకగా కనిపించినా, పొడిలా ఏదైనా తేలినా పారేయండి. ఆ సూదిలో చిన్న రేణువు ఇరుక్కున్నా కాథెటర్ పనికిరాదు. టేబుల్ మీద ఉత్త కాంట్రాస్ట్ సిరంజి కూడా అలాగే కనిపిస్తుంది కాబట్టి దీనికి లేబుల్ అంటించడం మరవద్దు.

ఇక వరుస. యాంజియోప్లాస్టీ ముగించి, ఫ్లో ఆపే డిసెక్షన్ (గోడ పొరల చీలిక) లేదని రన్ (కాంట్రాస్ట్ ఇచ్చి తీసే ఎక్స్‌రే) తీసి చూసుకోండి. కాథెటర్ 0.014 అంగుళాల వైరు మీద వెళ్తుంది. లోపలికి పంపకముందే మందు సూది కొన నుంచి చుక్కగా వచ్చేదాకా ప్రైమ్ చేయాలి, గాలి బుడగ మిగలకూడదు. లీజన్‌కి దూరపు చివర నుంచి మొదలుపెట్టి వెనక్కి రావడం సులువు. బెలూన్‌ని 2 అట్మాస్ఫియర్లకి నింపితే ముడుచుకున్న పొర విచ్చుకుని సూది గోడకి నిలువుగా లేస్తుంది. 0.1 లేదా 0.2 మి.లీ. తోసి ఆగండి. స్టెయిన్ (ఎక్స్‌రేలో కనిపించే కాంట్రాస్ట్ మరక) బాగుంటే మిగతాది మెల్లగా ఇవ్వండి. తర్వాత బెలూన్ పూర్తిగా ఖాళీ చేసి, సూది లోపలికి ముడుచుకుందని ఫ్లోరోలో (లైవ్ ఎక్స్‌రేలో) చూశాకే కాథెటర్ కదపాలి. సగం నిండి ఉండగా లాగితే సూది ఇంటిమాని (గోడ లోపలి పొరని) గీసుకుంటూ వస్తుంది.

ఎన్ని చోట్ల అన్నదానికి స్థిరమైన సంఖ్య లేదు. ఒక చోట ఇచ్చింది గోడ వెంట పైకీ కిందికీ ఎంత పాకిందో చూడండి, తర్వాతి పోటు ఆ అంచుకి కాస్త అవతల పడాలి. మొత్తం లీజన్‌తో పాటు రెండు చివరల ఆరోగ్యంగా ఉన్న గోడ కూడా కొంచెం తడవాలి. ఒకేచోట 4.5 మి.లీ. తోసేసి లెక్క సరిపోయిందనుకోవడం మాత్రం కుదరదు.

డివైస్_బెంచ్

పైన చెప్పిన 2 అట్మాస్ఫియర్ల గురించి ఒక మాట. మామూలు ఇన్‌డిఫ్లేటర్ (బెలూన్ నింపే పంపు) డయల్ 26 లేదా 30 వరకూ ఉంటుంది. అందులో 2 అంటే ముల్లు కదిలీ కదలనట్టు ఉంటుంది. యాంజియోప్లాస్టీ అలవాటుతో చెయ్యి 6, 8కి వెళ్లిపోతుంది. ఇది గోడని సాగదీయడానికి చేసిన బెలూన్ కాదు, సూదికి వెనక నుంచి ఆనుడు ఇవ్వడమే దాని పని. సూది 0.9 మి.మీ. పొడవు, 140 మైక్రాన్ల మందం. అంత సన్నటిది కాబట్టే తీసేశాక రంధ్రం తనంతట మూసుకుంటుంది.

ఆ 0.9 మి.మీ. అన్నదాన్ని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒక పక్కన ప్లాక్ (గోడ మీది కొవ్వు పేరుకుపోత) ఒకటిన్నర మిల్లీమీటర్లు పేరుకుని ఉంటే కొన ప్లాక్‌లోనే ఆగిపోతుంది, అడ్వెంటీషియా దాకా చేరదు. ఐవీయూఎస్ (నాళం లోపలి నుంచి తీసే అల్ట్రాసౌండ్) ఉంటే పలచని పక్క ఎటు ఉందో చూసుకుని, కాథెటర్‌ని ఆ వైపు తిప్పి గుచ్చాలి. లేకపోతే రెండు ఆబ్లిక్ వ్యూలలో చూసి తిప్పాలి. తిప్పేది బెలూన్ ఖాళీగా ఉన్నప్పుడే. సైజు కూడా అంతే: కాథెటర్ మీద రాసిన రక్తనాళ వ్యాసం పరిధిని యాంజియోప్లాస్టీ తర్వాతి వ్యాసంతో పోల్చండి, ముందుదానితో కాదు. చిన్నది పడితే బెలూన్ విచ్చుకున్నా సూది గోడకి ఆనదు.

సిరంజి 1 మి.లీ. లూయర్‌లాక్ వాడండి. బొటనవేలి బలం అదే అయినా పిస్టన్ వైశాల్యం తక్కువ కాబట్టి ప్రెషర్ ఎక్కువ పుడుతుంది. 10 మి.లీ. సిరంజితో కాథెటర్ లోపలి ఆ సన్నటి లూమెన్‌లోకి (దారిలోకి) తోయడం నరకం. నాలుగైదు సార్లు మార్చాల్సి వస్తుంది, మార్చిన ప్రతిసారీ కనెక్షన్ దగ్గర బుడగ చూసుకోవాలి. తోపు మొదటి నుంచీ గట్టిగా తగలడం సహజం. తోస్తుండగా ఉన్నట్టుండి వదులైతే సూది జారి ధమని లూమెన్‌లోకి (రక్తం పారే దారిలోకి) వచ్చిందని అనుమానించండి. అసలు కదలకపోతే కొన కాల్షియంకి తగిలి ఉంటుంది, లేదా షాఫ్ట్ మడతపడి ఉంటుంది. బలం పెంచకండి, ఖాళీ చేసి చోటు మార్చండి.

వాస్కులర్_ఫెలో

చాలా ఉపయోగంగా ఉంది సార్. స్టెయిన్ ‘బాగుండటం’ అంటే ఏమిటో కాస్త విడమరచండి. కాంట్రాస్ట్ 20 శాతమే కదా, అసలు కనిపిస్తుందా? పది సెకన్లలో మాయమైతే ఏమనుకోవాలి?

ఐఆర్_విశాఖ

కనిపిస్తుంది, కానీ పలచగా. కాలిమేట్ చేసి, మాగ్నిఫై చేసి, తోయకముందే ఒక ఫ్రేమ్ పక్క మానిటర్‌లో పెట్టుకోండి. దానితో పోల్చకుండా కొత్త మరక పట్టుకోవడం కష్టం.

సరైన స్టెయిన్ బెలూన్ అంచుకి బయట మెత్తటి పొగలా మొదలై, నాళం పొడవునా రెండు వైపులా పాకుతుంది. తోయడం ఆపినా అక్కడే ఉంటుంది, రక్తంతో పాటు కిందికి కొట్టుకుపోదు. మొదట ఒక పక్కనే ఉండి, మందు పెరిగే కొద్దీ చుట్టూ తిరుగుతుంది. అడ్వెంటీషియా వదులు కణజాలం కాబట్టి ద్రవం దారి చేసుకుంటుంది. అందుకే ఒకే సూదితో చుట్టుకొలత మొత్తం అందుతుంది.

తప్పు స్టెయిన్లలో మూడిటిని విడిగా గుర్తుపట్టాలి. తోసిన వెంటనే గీతలా కిందికి జారిపోతే అది ధమని లూమెన్. వేలు తీసినా చోటు కదలకుండా, పదునైన అంచుతో చిన్న ముద్దలా నిలిస్తే అది గోడ లోపల, అంటే ప్లాక్ లేదా డిసెక్షన్ పొర. ఇంకా తోస్తే ఆ పొర విడిపోతుంది, వెంటనే ఆపాలి. మూడోది మీరు అడిగిందే. బయటే మొదలై, చక్కగా ఉందనుకునేలోపు పక్కన సమాంతరంగా గొట్టంలా నిండి పైకి వెళ్లిపోతుంది. అది సిర. మోకాలి కింద ప్రతి టిబియల్ ధమనికీ రెండు పక్కల సిరలు అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి అక్కడ ఇది ఎక్కువ. తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ గుచ్చండి. లూమెన్‌లోకో సిరలోకో పోయినదాన్ని అక్కడి డోసులో కలపకూడదు, ఒంట్లోకి వెళ్లిన స్టెరాయిడ్ మొత్తంలో మాత్రం కలపాలి. రిపోర్టులో ఈ రెండు అంకెలూ విడిగా రాయండి.

ముగించేముందు రన్ తీసి స్పాజమ్ (నాళం బిగుసుకోవడం), లీక్, డిస్టల్ రన్‌ఆఫ్ (కింది నాళాల్లోకి రక్తప్రవాహం) చూడండి.

క్లినికల్_ఫార్మా

ఆ రెండో అంకె షుగర్ పేషెంట్‌కి ముఖ్యం. 14.4 మి.గ్రా. డెక్సామెథసోన్ అంటే దాదాపు 95 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌తో సమానం. గోడలో పెట్టినా చివరికి రక్తంలోకే వస్తుంది. ఒకటి రెండు రోజులు గ్లూకోజ్ పెరగొచ్చని వార్డు నర్సులకి ముందే చెప్పి, చెకింగ్ షెడ్యూల్, ఇన్సులిన్ స్లైడింగ్ స్కేల్ రాసి పెట్టండి. పాదంలో ఇన్ఫెక్షన్ ఉన్న సీఎల్‌ఐ (కాలికి రక్తం ప్రమాదకరంగా తగ్గిన) పేషెంట్‌కైతే ఇవ్వాలా వద్దా అన్నదే ముందు ఆలోచించాలి. వయల్ లేబుల్ కూడా చదవండి, కొన్నిటిలో పారబెన్, బెంజైల్ ఆల్కహాల్ లాంటి ప్రిజర్వేటివ్‌లు ఉంటాయి.

పాక్లిటాక్సెల్ సంగతి. మీ లీజన్‌కే లెక్క వేస్తే బెలూన్ ఉపరితలం సుమారు 1,555 చదరపు మి.మీ. చదరపు మిల్లీమీటరుకి 3.5 మైక్రోగ్రాముల కోటింగ్ అయితే 5.4 మి.గ్రా. అందులో కొంత దారిలోనే రక్తంలో కడుక్కుపోతుంది. మిగిలింది లోపలి వైపు నుంచి ప్లాక్‌ని, కాల్షియంని దాటుకుని వెళ్లాలి. సూది ఆ అడ్డంకిని పక్కన పెట్టి నేరుగా బయటి పొరకి చేరుతుంది, దాని ఆకర్షణ అదే. కానీ పాక్లిటాక్సెల్ కొవ్వులో కరిగేది, గోడలో వారాల తరబడి నిలిచి కణాల పెరుగుదలని ఆపుతుంది. డెక్సామెథసోన్ ఫాస్ఫేట్ నీటిలో కరిగేది, త్వరగా వెళ్లిపోతుంది. బెలూన్ గాయం తర్వాత మొదటి రోజుల్లో అడ్వెంటీషియాలో రేగే ఇన్‌ఫ్లమేషన్‌ని అణచడమే దీని లక్ష్యం. రెండు మందులూ ఒకే పని చేస్తాయనుకుంటే పొరపాటు.

ఆధారాల విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినం. 2018లో అచ్చయిన డాన్స్ ట్రయల్‌లో ఫెమోరోపాప్లిటియల్ (తొడ, మోకాలి వెనక ధమనుల) లీజన్లకి అథెరెక్టమీ (ప్లాక్ చెక్కి తీయడం) లేదా బెలూన్ తర్వాత ఇదే డోసు ఇచ్చారు. కానీ పోలిక గ్రూపు లేదు. అందువల్ల పాక్లిటాక్సెల్ బెలూన్ కంటే మేలు అని దాని ఆధారంగా ఎవరూ చెప్పలేరు. 2018 డిసెంబరు మెటాఎనాలిసిస్ (పలు ట్రయల్స్ కలిపి చేసిన విశ్లేషణ) తర్వాత పాక్లిటాక్సెల్ మీద మరణాల భయం పుట్టినప్పుడు ఈ పద్ధతి వైపు చూపు మళ్లింది. 2023 జులైలో ఎఫ్‌డీఏ ఆ అదనపు ప్రమాదాన్ని డేటా బలపరచడం లేదని చెప్పింది. కాబట్టి ఆ భయం ఒక్కటే కారణమైతే మీ కేసులో డ్రగ్ కోటెడ్ బెలూనే వాడండి. మోకాలి కింద పరిస్థితి వేరు, అక్కడ పాక్లిటాక్సెల్ బెలూన్ ట్రయల్ ఇన్‌పాక్ట్ డీప్ నిరాశపరిచింది, మంచి చికిత్సకి ఖాళీ ఇంకా ఉంది.

డివైస్_బెంచ్

ఇదే దారిలో, బీపీ తగ్గించడానికి కిడ్నీ ధమని చుట్టూ ఆల్కహాల్ ఇచ్చే పెరెగ్రిన్ కాథెటర్ గురించి కూడా చదవండి, తేడా అర్థమవుతుంది. అక్కడ లక్ష్యం గోడ కాదు, దాని అవతలి సింపథెటిక్ నరాలు. లూమెన్ నుంచి వాటి సగటు దూరం మొదటి భాగంలో 3.4 మి.మీ., చివరి భాగంలో 2.6 మి.మీ. 0.9 మి.మీ. సూది అక్కడ చాలదు, అందుకే మూడు సూదులు చుట్టూ సమంగా విచ్చుకుని లోతుగా వెళ్తాయి. డోసు ఒక్కో ధమనికి 0.6 మి.లీ. మాత్రమే. అంత తక్కువ పరిమాణంలో కాథెటర్‌లో మిగిలిపోయే చుక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. దాని ట్రయల్ టార్గెట్ బీపీ వన్‌లో 301 మందిలో మూడు నెలలకి 24 గంటల సిస్టోలిక్ బీపీ 10.0 మి.మీ. (పాదరసం) తగ్గితే షామ్‌లో (ఉత్తుత్తి చికిత్స గ్రూపులో) 6.8 తగ్గింది. తేడా 3.2 మాత్రమే. ఈ నరాల చికిత్సకే 2023 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది రేడియోఫ్రీక్వెన్సీ, అల్ట్రాసౌండ్ పరికరాలకి.

ఐఆర్_విశాఖ

మన దేశంలో చేయాలనుకుంటే ఒక కాగితం పని: మెడికల్ డివైసెస్ రూల్స్ 2017 కింద ఆ కాథెటర్‌కి ఎండీ-15 దిగుమతి లైసెన్సు ఉందో లేదో ముందు సప్లయర్‌ని రాతపూర్వకంగా అడగండి. లైసెన్సు ఉన్నా, డెక్సామెథసోన్ లేబుల్‌లో ఈ మార్గం ఉండదు కాబట్టి కన్సెంట్‌లో ఆఫ్‌లేబుల్ (లేబుల్‌లో లేని వాడకం) అని తెలుగులో స్పష్టంగా రాయించి, హాస్పిటల్ ఎథిక్స్ కమిటీకి చూపించండి.