అప్‌డేట్: హైడ్రోసీడింగ్ చేయించిన లాన్, ఆరు వారాల తర్వాత

కొత్త లాన్‌కి హైడ్రోసీడింగ్ (గడ్డి విత్తనం, గుజ్జు, నీళ్లు కలిపి నేల మీద పిచికారీ చేయడం) చేయించి పది రోజులైనా సగం నేల బోసిగానే ఉంది, మళ్లీ విత్తనం చల్లాలా అని అడిగాను కదా. ఆగమన్నవాళ్లందరికీ చాలా థాంక్స్. ఆగాను, అదే మంచిదైంది.

మా మిశ్రమంలో రెండు రకాల గడ్డి ఉంది. రైగ్రాస్ వారానికే మొలిచింది. కెంటకీ బ్లూగ్రాస్‌కి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందట. బోసి అనుకున్న చోట్ల 19వ రోజు పొద్దున వెంట్రుకల్లా సన్నటి మొలకలు! ఎంత సంతోషం వేసిందో.

తప్పంతా నీళ్ల దగ్గరే జరిగింది. రోజుకి ఒకసారి బాగా తడిపేదాన్ని. మధ్యాహ్నానికల్లా విత్తనం మీది పచ్చటి గుజ్జు ఎండి పెచ్చు కట్టేది. మీరు చెప్పాక రోజుకి మూడుసార్లు, నీళ్లు నిలవకుండా కొద్దికొద్దిగా పెట్టాను. ఇప్పుడు వేళ్లు లోతుకి దిగాలని తడుపులు తగ్గించి, పెట్టినప్పుడు ఎక్కువ పెడుతున్నాను.

వాలులో మాత్రం గుజ్జు అంటుకుని ఉండాలని జిగురు కలిపినా వానకి కొంత కొట్టుకుపోయింది. అక్కడ మట్టి గీకి, విత్తనం చల్లి, పైన ఎండుగడ్డి పలచగా పరిచాను.

మూడంగుళాలు దాటాక మొదటిసారి కోశాను, పైన మూడోవంతు మాత్రమే. కలుపు కొంచెం ఉంది. గడ్డి ఇంకా లేతది కాబట్టి మందు కొట్టకుండా చేత్తోనే పీకుతున్నాను.