సూపర్ మార్కెట్‌లో పాటలు పెడితే అమ్మకం పెరుగుతుందా? ఇంట్లో రోజూ ఇదే గొడవ

తణుకు_కొట్టు:

అందరికీ నమస్కారం. మాది తణుకులో కిరాణా కొట్టు. రెండేళ్ల కిందట పక్క గది కూడా కలిపేసుకుని ర్యాకులు, బుట్టలు, బిల్లింగ్ మెషిన్ పెట్టి సూపర్ మార్కెట్ చేశాం. అప్పుడే నాలుగు స్పీకర్లు కూడా బిగించాం, గొడవంతా అక్కడే మొదలైంది.

పొద్దున్న ఏడింటికి షట్టర్ తీయగానే నాన్నగారు భక్తి పాటలు పెడతారు. ఆయన టిఫిన్‌కి ఇంటికెళ్లడం ఆలస్యం, మా కుర్రాళ్లు ఫోన్ కలిపేసి మాస్ పాటలు అందుకుంటారు, ఆ బీటుకి స్టీలు డబ్బాల మూతలు కూడా టకటకమంటాయి. సాయంత్రం మా ఆవిడ కౌంటర్‌లో కూర్చుందంటే అన్నీ కట్టేయమంటుంది, "నూట అరవై అంటే నూట ఇరవై అని వినపడుతోంది వాళ్లకి" అని. మొన్న బిస్కెట్ల కంపెనీ సేల్స్‌మ్యాన్ వచ్చి, పెద్ద పెద్ద స్టోర్లలో పాటలు ఊరికే పెట్టరండీ, నెమ్మదివి పెడితే జనం ఎక్కువసేపు తిరుగుతారు, ఎక్కువ కొంటారు, దానికో లెక్కుంది అన్నాడు. నిజంగా లెక్కుందా, లేక బిస్కెట్ ప్యాకెట్లు అంటగట్టడానికి చెప్పే కబుర్లలో ఇదొకటా? మా కొట్టు సైజుకి ఇవన్నీ పనిచేస్తాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

బీట్_లెక్క:

లెక్క ఉందండీ, మీ సేల్స్‌మ్యాన్ అబద్ధం చెప్పలేదు. రొనాల్డ్ మిల్లిమన్ అనే మార్కెటింగ్ ప్రొఫెసర్ అమెరికాలో ఒక సూపర్ మార్కెట్‌లో వారాల తరబడి చూసి 1982లో రాశాడు. కొన్ని రోజులు నెమ్మది సంగీతం, అంటే నిమిషానికి 72 బీట్లు లేదా ఇంకా తక్కువ, కొన్ని రోజులు 94 అంతకంటే ఎక్కువ ఉన్నది, కొన్ని రోజులు ఏదీ లేకుండా. పాటలు కావు, మాటల్లేని వాయిద్యాలే. స్టోర్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి మనిషి నడవడానికి ఎంతసేపు పడుతోందో చూస్తే, నెమ్మది సంగీతం ఉన్నప్పుడు సుమారు 128 సెకన్లు, వేగంగా ఉన్నప్పుడు 109. వేగం సంగీతం ఉన్న రోజులతో పోలిస్తే నెమ్మది రోజుల్లో అమ్మకం 38 శాతం ఎక్కువ వచ్చింది.

ఆ 38 చూసి ఎగిరి గంతేయకండి. అది ఒక ఊళ్లో ఒక స్టోర్ లెక్క, అదీ నలభై ఏళ్ల కిందటిది. పైగా అక్కడ వారం సరుకంతా బండి నిండా తోసుకెళ్లే జనం. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది పావుకిలో మినపప్పు కోసం గుమ్మంలోనే చెప్పులు విడవకుండా నిలబడి అడిగేవాళ్లయితే వాళ్లని ఏ సంగీతమూ లోపలికి నడిపించదు.

నాకు దీనికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర చేసింది. ఒక సూపర్ మార్కెట్‌లో ఫ్రెంచి వైన్, జర్మన్ వైన్ పక్కపక్కనే పెట్టారు, ధరలు కూడా దగ్గరదగ్గరే. ఒకరోజు ఫ్రెంచి అకార్డియన్ వాయిద్యం, మర్నాడు జర్మన్ బీరు హాళ్లలో వాయించే బ్యాండు. ఫ్రెంచి సంగీతం మోగిన రోజుల్లో ఫ్రెంచి వైన్ 40 సీసాలు పోతే జర్మన్‌ది 8. జర్మన్ సంగీతం పెడితే జర్మన్‌ది 22, ఫ్రెంచిది 12. బయటికి వస్తున్నవాళ్లని ఆపి అడిగితే, పాట వల్లే కొన్నామని ఒప్పుకున్నవాళ్లు చాలా కొద్దిమంది.

నమ్మకం_లేదు:

ఇవన్నీ ఏసీ హాళ్లలో వైన్ కొనేవాళ్ల ముచ్చట్లు సార్. కందిపప్పు కిలోకి మూడు రూపాయలు ఎక్కువ పెట్టి లోపల స్వయంగా కచేరీ చేయించండి, ఒక్కడు వస్తాడేమో చూద్దాం. మా వీధిలో ఒక కొట్టుంది, సంగీతం లేదు, బోర్డు లేదు, సరిగ్గా లైటు కూడా లేదు, అయినా ఆ కొట్టు ముందు ఎప్పుడూ పదిమంది ఉంటారు. ఎందుకంటే ఆయన అరువిస్తాడు!

చీరల_సెక్షన్:

అన్నా, నేను హనుమకొండల బట్టల షాపుల పద్నాలుగేండ్లు సేల్స్‌మ్యాన్‌గ చేసిన. పై ఆయన ధర గురించి అన్నది నిజమే, కానీ చీరల దగ్గర వేరే ఉంటది. చీర కొనేటోళ్లకి ఏది కొనాలనేది ఇంటికాడ తెలువదు, పరుపు మీద కూసున్నాకే తెలుస్తది. కూసున్నంతసేపే మనకు బేరం.

నేను గమనించింది ఒకటి చెప్త. తల్లీబిడ్డలు వచ్చిన్రనుకో, ముప్పై చీరలు విప్పి పరిచినం, ఆ కుప్పల ఒకటి పక్కకు పెట్టిన్రు, ఇంకా మనసు ఒప్పుతలేదు. అప్పటిదాకా పైన సన్నగ పాట నడుస్తనే ఉంటది, ఎవ్వరూ వింటలేరు. ఆ పాట అయిపోయి ఇంకో పాట అందుకునేలోపు రెండు సెకన్లు సప్పుడు ఉండదు చూడు, సరిగ్గ అప్పుడే ఆ తల్లి తల పైకెత్తి గోడ గడియారం చూస్తది. "అయ్యో, బస్సు టైమైంది" అని లేస్తది. ఇట్ల ఎన్నిసార్లు చూసిన్నో. అందుకే మా ఓనర్‌కి చెప్పి పాటకు పాటకు మధ్య సందు లేకుండ చేయించినం.

ఇంకోటి, ఫ్రీ యాప్ పెట్టకు. మా దగ్గర ఒకసారి పట్టుచీర చూపిస్తుంటే మధ్యల యాడ్ వచ్చి ఆన్‌లైన్‌ల చీరలు సగం ధరకే అని ఒర్రింది. ఎదురుంగ కూసున్నామె నా మొకం చూసింది, నేను ఆమె మొకం చూసిన. ఇగ ఏం చెప్పాలె!

సౌండు ఎంత పెట్టాలంటే, సేల్స్‌మ్యాన్ గొంతు పెంచకుండ "ఇది చూడుండ్రి అమ్మా" అంటే వినపడాలె. అంతకంటే ఎక్కువైతే గిరాకీ పోతది.

కౌంటర్_నాలుగు:

కొనేవాళ్ల గురించే అందరూ మాట్లాడుతున్నారు, లోపల పనిచేసేవాళ్ల చెవుల గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. నేను హైదరాబాద్‌లో ఒక మాల్‌లో బట్టల స్టోర్‌లో బిల్లింగ్ చేస్తాను, రోజుకి పది గంటలు. పాటల లిస్టు హెడ్ ఆఫీసు నుంచి వస్తుంది, మార్చే అధికారం మా మేనేజర్‌కి కూడా లేదు. ఆ లిస్టు మూడు గంటలది, అంటే ప్రతి పాటా రోజుకి కనీసం మూడుసార్లు. నాకు వాచీ అక్కర్లేదు, ఫలానా పాట రెండోసారి వచ్చిందంటే భోజనం టైమ్, మూడోసారి వచ్చిందంటే కాళ్లు లాగడం మొదలు.

కస్టమర్‌కి అది పావుగంట సరదా. నాకు మాత్రం ఇంటికెళ్లి పడుకున్నాక కూడా తలలో మోగుతూనే ఉంటుంది, ఒకప్పుడు నాకిష్టమైన పాటలే, ఇప్పుడు పెళ్లిలో వినిపించినా లేచి బయటికి వెళ్లిపోతాను. స్పీకర్ సరిగ్గా మా నెత్తి మీద ఉంది. ఫోన్ నంబర్ రెండుసార్లు అడగాల్సి వస్తుంది, రెండోసారి అడిగితే వాళ్లకి చిరాకు, "ఒకసారి చెప్పాను కదా" అంటారు.

మీ ఆవిడ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ సార్. ఏ పాట అనేది తర్వాత, ముందు కౌంటర్ మీదున్న స్పీకర్ తీయించండి.

బీట్_లెక్క:

నమ్మకం లేదన్నాయన మాటలో విషయం ఉంది. మిల్లిమనే 1986లో డాలస్ ప్రాంతంలో ఒక రెస్టారెంట్ మీద ఇంకో పరిశోధన రాశాడు. నెమ్మది సంగీతం ఉన్నప్పుడు జనం టేబుల్ దగ్గర సగటున 56 నిమిషాలు కూర్చున్నారు, వేగంగా ఉన్నప్పుడు 45. అయినా తిండి బిల్లు దాదాపు అంతే! పెరిగిందల్లా బార్ బిల్లు, సుమారు 22 డాలర్ల నుంచి 30కి పోయింది. నేను అర్థం చేసుకున్నది ఏంటంటే, ఆకలికి తగ్గట్టు తినేది పాటతో పెరగదు, కూర్చున్నాం కదా ఇంకోటి చెప్దాం అనేదే పెరుగుతుంది. మీ కొట్టులో కందిపప్పు, నూనె, ఉప్పు అన్నీ మొదటి రకం, ఇంట్లో చీటీ రాసుకుని వచ్చేవి. బిస్కెట్లు, చాక్లెట్లు, కొత్తగా వచ్చిన షాంపూ, ప్లాస్టిక్ డబ్బాలు, ఇవి రెండో రకం. సంగీతం పనిచేస్తే గిస్తే ఆ రెండో ర్యాక్ దగ్గరే. బిస్కెట్ల సేల్స్‌మ్యాన్‌కి దీనిమీద అంత ఆసక్తి ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

చీరల సెక్షన్ అన్న గడియారం మాట చెప్తే ఇంకోటి గుర్తొచ్చింది. యాల్చ్, స్పాంగెన్‌బర్గ్ అని ఇద్దరు 2000లో రాశారు, తెలిసిన పాటలు మోగుతుంటే జనానికి చాలాసేపు షాపింగ్ చేసినట్టు అనిపించిందట, కానీ నిజంగా ఎక్కువసేపు ఉన్నది తెలియని సంగీతం మోగినప్పుడు. కుర్రాళ్ల మాస్ పాటలకి ఇది దెబ్బే, ఊరందరికీ కంఠతా వచ్చినవి కదా అవి.

అయితే పండగ రష్‌లో వేరు. విపరీతంగా జనం ఉన్నప్పుడు వేగం సంగీతం పెడితేనే ఖర్చు పెరిగిందని 2017లో యూరప్‌లోని స్టోర్లలో చూసి రాశారు, ఇరుకులో పుట్టే చిరాకుని ఆ హుషారు కొంత తగ్గిస్తుందని వాళ్ల వాదన. కాబట్టి సంక్రాంతి ముందు మూడు రోజులూ మీ కుర్రాళ్లకి ఫోన్ ఇచ్చేయండి.

ఫైల్_నంబర్:

ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. కొట్టులో పాటలు పెట్టడం అంటే చట్టం దృష్టిలో జనానికి వినిపించడం. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద దానికి అనుమతి కావాలి. పాట రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్ల తరఫున ఐపీఆర్‌ఎస్, రికార్డింగ్ హక్కులున్న కంపెనీల తరఫున పీపీఎల్ లాంటి సంస్థలు ఫీజు వసూలు చేస్తాయి, అన్ని కంపెనీల పాటలూ ఒకే చోట ఉండవు. నెలనెలా డబ్బు కట్టే యాప్ ఉంది కదా అంటారేమో, ఆ చందా సొంతంగా వినడానికే, వ్యాపారానికి కాదు. పెళ్లిళ్లకి, మతపరమైన వేడుకలకి మినహాయింపు ఉంది, కానీ పొద్దున్నే షట్టర్ తీసి భక్తి పాటల రికార్డు పెట్టడం వేడుక కిందికి రాదు, నాన్నగారికి నా నమస్కారాలు. చిన్న కొట్టుకి తేలిక దారి ఏంటంటే, వ్యాపారానికి వాడుకోవచ్చని లైసెన్సుతో అమ్మే వాయిద్య సంగీతం కొనుక్కోవడం. వీణో, వేణువో, సితారో, మాటలుండవు కాబట్టి బిల్లు కూడా వినపడుతుంది.

ఫ్రిస్కో_నుంచి:

ఆ డాలస్ ప్రాంతం మాదే, ఆ రెస్టారెంట్ ఏదో తెలిస్తే వెళ్లి కూర్చుని గడియారం చూసుకునేవాణ్ని! సరదాకి అన్నాను. ఇక్కడి విషయం ఒకటి. మా చిన్నవాడికి ఆటిజం, స్టోర్‌లో పాట, అనౌన్స్‌మెంట్, ఫ్రిజ్‌ల శబ్దం అన్నీ కలిస్తే చెవులు మూసుకుని నేల మీద కూర్చుండిపోతాడు. 2023 నవంబర్ నుంచి వాల్‌మార్ట్ స్టోర్లలో రోజూ పొద్దున్న 8 నుంచి 10 దాకా పాటలు ఆపేసి, టీవీల్లో కదిలే బొమ్మలు తీసేసి, వీలున్నచోట లైట్లు తగ్గిస్తున్నారు. మేం ఆ టైమ్‌కే వెళ్తాం, వాడే బండి తోస్తాడు. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ అయితే 2016లో స్టోర్లలో సంగీతమే తీసేసింది, కస్టమర్లు వద్దన్నారని. కాబట్టి నిశ్శబ్దం కూడా ఒక ఆప్షనే అని మీ ఆవిడ గారికి నా తరఫున చెప్పండి.

తణుకు_కొట్టు:

అందరికీ థాంక్స్. మూడు వారాలైంది, ఏం చేశామో చెప్తాను. కౌంటర్ మీద స్పీకర్ తీయించి వెనక ప్లాస్టిక్ సామాన్ల వైపు బిగించాం, ఆ ఒక్క పనికే మా ఆవిడ దగ్గర నాకు మార్కులు పడ్డాయి. ఫైల్ నంబర్ గారు చెప్పినట్టు వేణువు, వీణ ఉన్న ఒక సెట్ లైసెన్సుతో కొన్నాను. నాన్నగారు మాత్రం రెండ్రోజులు మాట్లాడలేదు, మూడోరోజు "ఈ వేణువు కూడా భక్తిగానే ఉందిలే" అన్నారు.

ఒక వారం నెమ్మదివి, ఒక వారం కాస్త హుషారువి, ఒక వారం ఏమీ లేకుండా చేసి చూశాను. అమ్మకంలో తేడా ఉందో లేదో చెప్పలేను, హుషారు వారంలోనే ఒకటో తారీఖు పడి అందరికీ జీతాలొచ్చాయి, మొత్తం లెక్క పాడైపోయింది. కానీ ఏమీ లేని వారం కొట్టు వాలకమే మారిపోయింది. ఫ్రిజ్ మోత వినపడుతుంది, జనం గుసగుసగా మాట్లాడుకుంటారు, ఒకాయన ధర చూసి ప్యాకెట్ తిరిగి ర్యాక్‌లో పెడుతూ చప్పుడవుతుందేమో అన్నట్టు మెల్లగా పెట్టాడు. మాకు పాతికేళ్లుగా వచ్చే మామ్మగారు ఒకావిడ గుమ్మంలోనే ఆగిపోయి, "ఏం బాబూ, కరెంటు పోయిందా? పోనీ, సాయంత్రం వస్తాలే" అని వెనక్కి తిరిగారు. లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. నేను పరిగెత్తుకెళ్లి లోపలికి పిలుచుకొచ్చేసరికి వేణువు మోగుతోంది, నాన్నగారు పెట్టేశారు.