సమస్యాపూరణం: పంట పండిన యేడాది పస్తులుండె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. వేట మాని సేద్యం పట్టిన తొలి మనుషుల మీదే పూరించాలి. అప్పులు, గిట్టుబాటు ధర జోలికి పోవద్దు, అవి అందరికీ నోటికొచ్చిన పూరణలే.

పంట పండిన యేడాది పస్తులుండె

నల్లరేగడి:
అడవి కొర్రలఁ దెచ్చి తా నవని నాటి
కంకిలో మేటి గింజలఁ గట్టి దాఁచి
మరుసటేటికి విత్తుగా మనసు కట్టి
పంట పండిన యేడాది పస్తులుండె

నిర్వాహకుడు:
హాయిగా నడిచింది. విత్తనం దాచి కడుపు మాడ్చుకోవడంతో విరోధం తేలిగ్గా విడిపోయింది. "గట్టి", "కట్టి" వెంటవెంటనే వచ్చాయి. "మనసు నిలిపి" అంటే గణాలు చెడవు. కొర్ర మాత్రం ఉత్తర చైనాలో మచ్చికైన పంట. దక్కనులో నాలుగు వేల ఏళ్ళ కిందట బూడిద దిబ్బల (పశువుల పేడ పోగుపడి కాలిన గుట్టల) కాలంవాళ్ళు పండించినవి అండుకొర్రలు, ఉలవలు, పెసలు. "అండుకొర్రలఁ దెచ్చి" అనండి, యతి కూడా నిలుస్తుంది.

కందిచేను:
నాకు "మేటి గింజలఁ" దగ్గర అనుమానం. అంత ఎంచి దాచారంటారా? అడవి గోధుమ కంకి పండగానే చిట్లి గింజలు రాలిపోతాయి. రాలకుండా కంకిని పట్టుకున్న మొండి గింజలే ఎక్కువగా కొడవలికి దొరికి ఇంటికొచ్చాయి, మళ్ళీ అవే నేలలో పడ్డాయి. తరాల తరబడి ఇదే జరిగి రాలని రకం నిలిచింది. అందులో ఎవరి ప్లానూ ఉండక్కర్లేదు.

నా పూరణ:
జింక వేటాడి తెచ్చిన చేయి నేఁడు
కొడవలిని బట్టె, మూలకుఁ గూలె నీటె
ములికి నెత్తురు దొరకక నోరు మూసి
పంట పండిన యేడాది పస్తులుండె

నిర్వాహకుడు:
ఈటెకు ఆకలి వేయించారు, భేష్! మనిషిని వదిలేసి పస్తును ఆయుధానికి అంటగట్టడం నాకు నచ్చింది. మూడో పాదంలో యతి తప్పింది, "ము"కు "నో" కుదరదు. "మూగవోయి" అంటే సరి. అయితే మీ ఈటె అంత త్వరగా పస్తులుండలేదు. సిరియాలో, యూఫ్రటీస్ ఒడ్డున, అబూ హురేరాలో సేద్యం వచ్చాక కూడా చాలా శతాబ్దాలు ఎక్కువగా తిన్నది జింక మాంసమే. గొర్రెలు, మేకలు ఆ స్థానంలోకి వచ్చింది ఆ తర్వాతే. మన పాలమూరు ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బలో పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. ఇక్కడివాళ్ళకు మంద ఎంత ముఖ్యమో దాన్నిబట్టే తెలుస్తుంది.

గోంగూరపచ్చడి:
తిరగలిని దిప్పి పిండిని దీసి యత్త
వచ్చి పోయెడి వారికి వండి పెట్టి
కడకుఁ దనవంతు కుండలోఁ గానరాక
పంట పండిన యేడాది పస్తులుండె

నల్లరేగడి:
పద్యం బాగుందమ్మా, కానీ ఆ కాలంలో తిరగలి ఎక్కడిది? అది వేల ఏళ్ళ తర్వాతి వస్తువు. అప్పట్లో రాతి మీద రాయి పెట్టి ముందుకూ వెనక్కూ నూరడమే.

నిర్వాహకుడు:
నిజమే. అయినా మూడింటిలో చరిత్రకు దగ్గరైన ఊహ ఇదే. అబూ హురేరాలోనే దొరికిన ఆడవాళ్ళ ఎముకల్లో కాలి బొటనవేళ్ళు, మోకాళ్ళు, నడుము అరిగి, వంగి కనిపించాయి. మోకాళ్ళ మీద కూర్చుని గంటల తరబడి నూరినందువల్లే అని పరిశీలించినవారు చెప్పారు. మొదటి పాదం ఇలా మార్చి చూడండి:

నూరి గింజలు రాతిపై నొచ్చి యత్త

గోంగూరపచ్చడి:
"నొచ్చి" బాగుంది గురువుగారూ, తీసుకుంటున్నాను. అత్తను తీసేసి కోడలిని పెట్టమని మా అత్తగారు పక్కనుంచి అంటున్నారు. "కోడలు" అంటే గణం కుదరదని చెప్పేశాను.