సమస్యాపూరణం: "వైరలైనదనుచు వైద్యుఁడేడ్చె"

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. వైద్యుడికి వైరల్ అంటే రోజూ చూసే జ్వరమే. మరి ఎందుకు ఏడ్చాడు? పూరించండి.

వరంగల్ మిత్రుడు:
కన్నబిడ్డ యొడలు కాలుచుండఁగఁ జూచి
మాత్రలిచ్చి చూచె మానదాయె
తుదకు నెత్తుటందు దోషమ్ముఁ గనుఁగొని
వైరలైనదనుచు వైద్యుఁడేడ్చె

తెనాలి మాస్టారు: నడక బాగుంది, తు–దో యతి సరిపోయింది. నా అభ్యంతరమల్లా "అయినది" మీదే. జ్వరం వైరల్ అవదండీ, వైరల్ జ్వరం వస్తుంది. వైరస్ వల్ల వచ్చింది కాబట్టి అది మొదటినుంచీ వైరలే. వీడియో అలా కాదు. నిన్న ఎవరికీ పట్టనిది, పదిమందీ పంచుకుంటే ఇవాళ వైరల్ అవుతుంది. ఇంకా ఎవరూ చూడని దానికి "వైరల్ వీడియో" అని శీర్షిక పెట్టడం అందుకే తప్పు.

వరంగల్ మిత్రుడు: మా వైపు "టైఫాయిడ్ అయింది", "డెంగీ అయింది" అంటాం మాస్టారూ. ఆ వాడుకతోనే రాశాను.

తెనాలి మాస్టారు: అలాగైతే పూరణ నిలుస్తుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు కనుక రెండో పాదం కూడా అతికింది.

డాలస్ అక్కయ్య:
తనదు పేరు పెట్టి తప్పుడు చిట్కాను
వాట్సపందు నెవఁడొ వ్రాసి పంప
నూరులెల్లఁ దిరుగ నొకరోగి చూపింప
వైరలైనదనుచు వైద్యుఁడేడ్చె

నిర్వాహకుడు: అక్కయ్యా, ఈ ఏడుపు నిజమైనది. లాటిన్‌లో వైరస్ అంటే విషం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో తిరిగిన అబద్ధాలకు అమాయకుల ప్రాణాలే పోయాయి. ఆ ఏడాది జులైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చాట్‌లకు మించి పంపకుండా వాట్సాప్ పరిమితి పెట్టింది. జోగులాంబ గద్వాల జిల్లాలోనైతే అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు జానపద కళాకారులతో కలిసి ఊరూరా పాటలు కట్టి చెప్పారు. నాకు పరిమితి కంటే ఆ పాటల మీదే నమ్మకం.

కర్నూలు తమ్ముడు:
పాము కరచినపుడు పరుగు వద్దని చెప్పి
వీడియోను పెట్ట వేలమంది
చూచి పంచుకొనఁగ సుడులు తిరిగె నీళ్ళు
వైరలైనదనుచు వైద్యుఁడేడ్చె

తెనాలి మాస్టారు: శభాష్ తమ్ముడూ! ఏడుపును ఆనందం వైపు తిప్పావు. విషయమూ సరైనదే, పరుగెత్తకుండా, కాటు పడిన కాలు కదపకుండా ఆసుపత్రికి చేర్చాలి. నీళ్ళు తిరిగాక మళ్ళీ "ఏడ్చె" కొంత పునరుక్తి, మూడో పాదం చివర మార్చి చూడు. అయినా ఈసారి నా ఓటు నీకే.