బైక్ అలారం పేజర్: ఛార్జింగ్‌ది కొనాలా, సెల్స్‌ వేసేదా?

అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లిలో పార్కింగ్ లేని పాత అపార్ట్‌మెంట్. రాత్రి బండి రోడ్డు మీదే పెట్టాలి, మేముండేది నాలుగో అంతస్తు. ఫ్యాన్ శబ్దంలో కింద సైరన్ మోగినా వినపడదు. అందుకే బండిని కదిలిస్తే చేతిలో వైబ్రేట్ అయ్యే టూ-వే పేజర్ పెట్టించాలనుకుంటున్నాను.

షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి యూఎస్‌బీతో ఛార్జ్ చేసేది, లోపల చిన్న లిథియం బ్యాటరీ. ఇంకోటి టీవీ రిమోట్‌లో వేసే ట్రిపుల్-ఏ సెల్‌ది. సిగ్నల్ కోసం పేజర్ రాత్రంతా ఆన్‌లోనే ఉండాలి కదా, సెల్ త్వరగా అయిపోతుందేమోనని భయం. కాకపోతే అయిపోతే కిరాణా కొట్లో కొత్తది దొరుకుతుంది. ఛార్జింగ్‌ది రోజూ ఫోన్‌తో పాటు పెట్టుకోవచ్చు, కానీ రెండు మూడేళ్లకు బ్యాటరీ నీరసించాక సీల్ చేసిన పేజర్ విప్పి మార్చేదెవరు?

సెల్‌ రకంలో రీఛార్జబుల్ ట్రిపుల్-ఏ వేస్తే సరిపోతుందా? దాని వోల్టేజ్ 1.2 మాత్రమే, మామూలు సెల్‌ది 1.5. రేంజ్ తగ్గుతుందా, ‘లో బ్యాటరీ’ అని ఊరికే అరుస్తుందా? వాడుతున్నవాళ్లు చెప్పండి. ఈ బండి మీదే మా నాన్న డ్యూటీకి వెళ్లొస్తారు.